ఆ రక్తం రిపోర్టు పట్టుకుని ఇంట్లో పంచాయితీ పెట్టుకోకండి

ప్రశ్న: అక్కా, మాది కావలి దగ్గర పల్లె. నాకు 27 ఏళ్లు. పెళ్లయి మూడేళ్లయింది, ఇంకా పిల్లల్లేరు. మా ఆయనకు కృష్ణపట్నం పోర్టులో షిఫ్టు డ్యూటీ, అక్కడే రూము తీసుకుని ఉంటారు, వారానికోసారి ఇంటికొస్తారు. పోయిన నెల నెల్లూరు పొగతోటలో డాక్టరమ్మకి చూపించుకుంటే ట్యూబుల పరీక్ష చేయాలి, దానికి ముందు ఇవి చేయించుకురండి అని కొన్ని రాసిచ్చారు. అందులో క్లమీడియా ఒకటి. ల్యాబులో రక్తం తీసుకున్నారు. ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్ వచ్చింది. కౌంటర్లో మా మరిది నంబరు ఇచ్చి ఉండటంతో రిపోర్టు అతని వాట్సాప్‌కే వచ్చింది. అతను గూగుల్లో చూసి ఇది సుఖవ్యాధంట అని అత్తయ్యకి చెప్పాడు. ఆమె నన్ను అనుమానంగా చూస్తోంది. మా అమ్మేమో రూములో ఒంటరిగా ఉండే మగాణ్ణే అడగాలంటోంది. ఆయన మాట్లాడటమే మానేశారు. మాకిద్దరికీ ఏ బాధా లేదు, నాకు అప్పుడప్పుడు తెల్లబట్ట అవుతుంది, అంతే. మెడికల్ షాపు నడిపే మా మామయ్య అజిత్రోమైసిన్ ఇచ్చి వేసుకోమన్నాడు, ఇంకా వేసుకోలేదు. ఇది ఎవరి వల్ల వచ్చింది? మళ్లీ పరీక్ష అంటే కింద చూస్తారేమోనని సిగ్గుగా ఉంది. పరగడుపున ఇవ్వాలా? — ఒక చెల్లి

సమాధానం:

చెల్లీ, మాత్రలు ఇంకా వేసుకోలేదన్నావు చూడు, మంచి పని చేశావు. వాటిని అట్టాగే పక్కన పెట్టు, ఎందుకో తర్వాత చెప్తాను. ఆ రక్తం రిపోర్టు ఇంట్లో ఎవరి చేతిలో ఉన్నా తీసుకుని నీ ఫైల్లో పెట్టెయ్. నీకిప్పుడు క్లమీడియా ఉందో లేదో ఆ కాగితం చెప్పలేదు. ఎవరి వల్ల వచ్చిందో అసలే చెప్పలేదు. అయినా దాన్ని చూసి మీ అత్తయ్య ఒక తీర్పు చెప్పేసింది, మీ అమ్మ ఇంకో తీర్పు చెప్పేసింది, మీ ఆయన మూతి బిగించుకుని కూర్చున్నారు.

నేను చాలా ఏళ్లు మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసినదాన్ని, ఇట్టాంటి రిపోర్టులు పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లను చూశాను కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను.

ఐజీజీ అనేది సూక్ష్మజీవి కాదు. ఎప్పుడో ఒకసారి ఆ సూక్ష్మజీవి ఒంట్లోకి వచ్చినందుకు మన రక్తం తయారుచేసుకున్న యాంటీబాడీ. జబ్బు పోయినా అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పైగా క్లమీడియా అంటే ఒక్కటే కాదు. మనం ఇప్పుడు మాట్లాడుకునేది క్లమీడియా ట్రకోమాటిస్. దానికి దాయాది ఒకటుంది, క్లమీడియా న్యుమోనియే, అది దగ్గులా జలుబులా వచ్చి పోతుంది, వచ్చినట్టు కూడా చాలామందికి తెలియదు. కిట్‌ని బట్టి కొన్నిసార్లు ఆ దాయాదికి పుట్టిన యాంటీబాడీ కూడా నీ రిపోర్టులో పాజిటివ్‌గా కనిపించే అవకాశం ఉంది. అంతేనా, ఈ ట్రకోమాటిస్‌లోనే వేరే రకాలు కంటికి పట్టి ట్రకోమా తెప్పిస్తాయి, ఒకప్పుడు మన దేశంలో ఎంతోమంది చూపు తీసిన జబ్బది. ప్రజారోగ్య సమస్యగా అది భారత్‌లో లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2024 అక్టోబరులోనే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నెత్తురులో ఉన్న యాంటీబాడీ అది ఒంట్లో ఏ భాగం నుంచి పుట్టిందో, ఏ ఏడాది పుట్టిందో చెప్పదు.

మరి ఐజీఎం, అంటే కొత్తగా సోకినప్పుడు ముందుగా పుట్టే యాంటీబాడీ, నెగెటివ్ వచ్చింది కదా, అంటే ఏమీ లేనట్టేనా అంటావేమో. అదీ నమ్మడానికి లేదు. కింది భాగంలో ఇన్ఫెక్షన్ నిజంగా ఉన్నవాళ్లకు కూడా ఐజీఎం కనిపించకపోవడం మామూలే. అందుకే మామూలు జననాంగ క్లమీడియాని తేల్చడానికి ఈ రక్తపరీక్షలు వాడొద్దని వైద్య మార్గదర్శకాలు చెప్తాయి. అయినా ల్యాబుల ధరల పట్టికలో ఇవి దర్జాగా ఉంటాయి. చీటీలో ఉత్త క్లమీడియా అని రాసి ఉంటే కౌంటర్లో ఉన్న పిల్లకి కంప్యూటర్లో ముందు కనిపించేది కొడుతుంది, సూది గుచ్చి పంపించేస్తారు. నీ విషయంలో జరిగింది ఇదే అయ్యుంటుందని నా అనుమానం. మీ డాక్టరమ్మ అడిగిన పరీక్ష ఇది కాకపోవచ్చు.

ఆమె అడగడంలో మాత్రం తప్పేమీ లేదు, సరైన పనే. ట్యూబులంటే గర్భసంచికి రెండు పక్కలా ఉండే అండవాహికలు. వాటిని చూసే పరీక్షలో గర్భసంచిలోకి డై ఎక్కిస్తారు. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్లమీడియా దాక్కుని ఉంటే ఆ డైతో పాటు అది పైకి, ట్యూబుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. అందుకే ముందు అది ఉందో లేదో చూసి, ఉంటే మందులిచ్చి, ఆ తర్వాత ట్యూబుల జోలికి వెళ్తారు. ఈ ముక్క మీ అత్తయ్యకి చెప్పు. కోడలి మీద అనుమానంతో రాసిన పరీక్ష కాదిది, ట్యూబుల పరీక్షకు ముందు చూసుకోవాల్సిన జాగ్రత్త.

ఇప్పుడు అసలు పరీక్ష సంగతి. దాని పేరు క్లమీడియా ట్రకోమాటిస్ పీసీఆర్, కొన్ని ల్యాబుల్లో న్యాట్ అంటారు. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి ఆర్టీపీసీఆర్ చేశారు గుర్తుందా, పద్ధతి అదే. యాంటీబాడీని కాకుండా సూక్ష్మజీవి జన్యు పదార్థాన్నే వెతుకుతుంది. చాలా ల్యాబుల్లో గనేరియా అనే ఇంకో సుఖవ్యాధిని కూడా ఇదే శాంపిల్లో కలిపి చూస్తారు, అట్టా ఉంటే అదే చేయించుకో. మన వైపు చిన్న ల్యాబులు శాంపిల్ మాత్రం తీసుకుని చెన్నైకో హైదరాబాద్‌కో పంపిస్తాయి, అందుకని రిపోర్టుకి రోజులు పట్టొచ్చు, ఖరీదు కూడా ఆ రక్తపరీక్ష కన్నా ఎక్కువే ఉండొచ్చు. బస్సెక్కే ముందు ఫోన్ చేసి అడుగు: పీసీఆర్ చేస్తారా, స్వాబ్ కిట్ ఉందా, ఎంత అవుతుంది. రక్తం ఇస్తే చాలమ్మా అని ఎవరైనా అంటే గమ్మున ఫోన్ పెట్టేసి ఇంకో ల్యాబుకి చేయి.

సిగ్గు గురించి అడిగావు. ఇందులో నిన్నెవరూ చూడాల్సిన పని లేకుండానే అయిపోతుంది. యోని స్వాబ్ నువ్వే బాత్రూములోకి వెళ్లి తీసుకోవచ్చు. డాక్టరు తీసినదానికి ఏ మాత్రం తీసిపోదు, ఆడవాళ్లకు మూత్రం కన్నా ఈ స్వాబే మేలు కూడా. చేతులు కడుక్కో. కిట్‌లో వచ్చిన పుల్లనే వాడాలి, ల్యాబువాళ్లు విడిగా మామూలు దూది పుల్ల ఇస్తే వద్దను. మెత్తటి కొనను రెండంగుళాల లోతుకి పోనిచ్చి, గోడలకు తగిలేలా మెల్లగా తిప్పుతూ ఇరవై ముప్పై అంకెలు లెక్కపెట్టుకో, బయటికి తీసేటప్పుడు ఇంకెక్కడా తగలనివ్వకుండా ట్యూబులో పెట్టు. పుల్ల మీద గీత ఉంటుంది, అక్కడ విరిస్తే విరుగుతుంది. ట్యూబులో ఉన్న ద్రవం ఒలకబోయకు, అది నీళ్లనుకుని పారబోసినవాళ్లున్నారు. ముందురోజు లోపల క్రీములూ బిళ్లలూ పెట్టుకోవద్దు, లోపలికి నీళ్లు కొట్టి కడగొద్దు. నెలసరి అయిపోయాక రెండు మూడు రోజులకి వెళ్తే నీకూ సుఖంగా ఉంటుంది. కొన్ని ల్యాబుల్లో నర్సే తీస్తానంటుంది, నేనే తీసుకుంటానని అడిగితే తప్పులేదు.

మీ ఆయనకు స్వాబ్ అక్కర్లేదు, మూత్రం చాలు. కానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మనకందరికీ ఒక అలవాటు నేర్పారు, మొదట కొంచెం వదిలేసి మధ్యలోది పట్టమని. అది మూత్రం కల్చర్‌కి, అంటే సూక్ష్మజీవుల్ని ప్లేటు మీద పెంచి చూసే పరీక్షకి. ఈ పరీక్షకు సరిగ్గా ఉల్టా. మొదట వచ్చేదే కావాలి, మొదటి ఇరవై ముప్పై మిల్లీలీటర్లు, అంటే డబ్బాలో అడుగున కొంచెం. రాత్రంతా కట్టేసిన కుళాయి పొద్దున తిప్పితే తుప్పు మొదటి నీళ్లలోనే వస్తుంది కదా, మూత్రనాళం గోడలకు అంటుకున్న కణాలు కూడా మొదటి ధారలోనే కొట్టుకొస్తాయి. డబ్బా నిండా పట్టి ఇచ్చినా చెడుతుంది, ఉన్న కాస్త సూక్ష్మజీవి నీళ్లపాలై దొరక్కపోవచ్చు. శాంపిల్ ఇచ్చే ముందు కనీసం గంటసేపు మూత్రానికి వెళ్లకూడదు. డబ్బా చేతికిచ్చే కుర్రాడు అలవాటుగా మధ్యలోది పట్టుకురా అన్నా సరే, మీ ఆయన్ని మొదటిదే పట్టమను.

ఇంకో తికమక. కొందరు మగవాళ్లకు మూత్రంలో మంటగా ఉంటే యూరిన్ కల్చర్ చేయిస్తారు, చీముకణాలు చాలా ఉన్నాయని ఒక కాగితం, నో గ్రోత్ అని ఇంకో కాగితం వస్తాయి. ఏం లేదులే, వేడి చేసింది, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు అని పంపించేస్తారు. క్లమీడియా మన కణాల లోపలే బతుకుతుంది, కల్చర్ ప్లేటు మీద పెరగదు, అందుకే చాలాకాలం దాన్ని వైరస్ అనే అనుకున్నారు. చీముకణాలుండి నో గ్రోత్ వచ్చిందంటే క్లమీడియాని అనుమానించి పీసీఆర్ చేయించుకోవాలి. నీ తెల్లబట్టకి చేసే మామూలు స్వాబ్ కల్చరూ అంతే, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పాప్ స్మియరూ అంతే, క్లమీడియాని పట్టవు. తెల్లబట్టకి వేరే కారణాలే ఎక్కువసార్లు ఉంటాయి, కొంత అవడం సహజం కూడా, దాన్ని చూసి ఉందనీ లేదనీ చెప్పలేం.

బాధ లేదు కదా అంటున్నావు. ఈ జబ్బు గడుసుతనమంతా అందులోనే ఉంది. ఇది ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు, మగవాళ్లలోనూ చాలామందికి ఉండదు. ఏం తెలియకుండానే కొందరిలో పైకి పాకి ట్యూబుల్ని పాడుచేస్తుంది, పిల్లలు పుట్టకపోవడం, గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలవడం, ఇవన్నీ దాని తర్వాతి కథ. కాన్పు సమయంలో ఉంటే బిడ్డ కళ్లకీ ఊపిరితిత్తులకీ సోకొచ్చు. అమెరికాలో 25 ఏళ్లలోపు ఆడపిల్లలకు, లైంగిక జీవితం ఉంటే చాలు, లక్షణాలున్నా లేకున్నా ఏడాదికోసారి చూడమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. మన దగ్గర అట్టాంటి ఏర్పాటు లేదు. గర్భిణులకు హెచ్ఐవీ, సిఫిలిస్ చూస్తారు, దీన్ని చూడరు. చూడకపోవడం వల్లే ఇది ఏదో ఊళ్లో లేని జబ్బన్నట్టు, వచ్చినవాళ్లే పాపం చేసినట్టు అనిపిస్తుంది మనకి.

ఇక ఎవరి వల్ల అన్న ప్రశ్న. పీసీఆర్ పాజిటివ్ వచ్చినా సరే ఈ ప్రశ్నకి ల్యాబు దగ్గర జవాబు లేదు. వైద్యం చేయకపోతే ఇది నెలల తరబడి, కొందరిలో ఏడాది దాటి కూడా, చప్పుడు చేయకుండా ఉండగలదు. ఎప్పుడు వచ్చిందో తారీఖు ఏ రిపోర్టులోనూ ఉండదు. ఇద్దరిలో ముందు ఎవరికి వచ్చిందో కూడా ఉండదు. ఒకరికి ఉండి ఒకరికి లేకపోయినా అది ఏమీ రుజువు చేయదు, కొందరిలో దానంతటదే పోతుంది కూడా. మీ ఆయన్ని నేను వెనకేసుకు రావడం లేదు, నిన్నూ కాదు. ఇది లైంగిక సంపర్కం ద్వారా వచ్చేదే, బస్టాండు బాత్రూములోనో ఇంకొకరి తువ్వాలు వల్లనో వచ్చిందని చెప్పి ఓదార్చను. పీసీఆర్ పాజిటివ్ వస్తే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాటలు ఉంటాయి, నిజమే. కానీ అవి మీ ఇద్దరి మధ్య మాటలు, మరిది ఫోనులో చూసి అత్తయ్య హాల్లో తేల్చేవి కావు. ఈసారి కౌంటర్లో నీ నంబరే ఇవ్వు, రిపోర్టు ఎవరికీ పంపొద్దు, మేమే వచ్చి తీసుకుంటాం అని చెప్పినా వింటారు.

మాత్రలు పక్కన పెట్టమన్నాను కదా. మెడికల్ షాపులో దొరికే అజిత్రోమైసిన్ సాధారణంగా 500 మిల్లీగ్రాములది, మూడు రోజుల స్ట్రిప్పు. దగ్గుకి ఇచ్చే లెక్క అది. పరీక్షకి ముందు వేసుకుంటే రిపోర్టు తారుమారవుతుంది, ఉన్నది కనిపించకపోవచ్చు. పైగా ఇప్పుడు క్లమీడియాకి మొదటగా వాడమనేది డాక్సీసైక్లిన్, 100 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, 7 రోజులు. గర్భం ఉంటే మాత్రం డాక్సీసైక్లిన్ ఇవ్వరు, అప్పుడు అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఒకేసారి ఇస్తారు. నువ్వు పిల్లల కోసం ప్రయత్నిస్తున్నావు కాబట్టి నెలసరి ఎప్పుడొచ్చిందో డాక్టరమ్మకి చెప్పకుండా ఒక్క మాత్ర మింగొద్దు. ఈ కొలతలు నీకు తెలియాలని రాశాను, కొని వేసుకోవడానికి కాదు. డాక్సీసైక్లిన్ రాస్తే అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకో, వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతు కింద పుండు పడొచ్చు. ఐరన్ బిళ్ల, కాల్షియం బిళ్ల అదే సమయానికి వద్దు. ఎండలో తిరిగితే చర్మం తొందరగా మాడుతుంది, మన నెల్లూరు ఎండ సంగతి చెప్పాలా.

పాజిటివ్ వస్తే ఇద్దరూ ఒకేసారి వాడాలి. ఒకరు వాడి ఒకరు మానేస్తే మళ్లీ అంటుకుంటుంది, డబ్బులు దండగ. ఇద్దరి కోర్సూ పూర్తయ్యేదాకా కలవొద్దు. తగ్గిందో లేదో అని వారానికే పరిగెత్తి మళ్లీ పీసీఆర్ చేయించకు, చచ్చిన సూక్ష్మజీవి ముక్కలు నాలుగు వారాల దాకా కనిపించి పాజిటివ్ అనిపిస్తాయి, ఇంకో రౌండు ఏడుపు మొదలవుతుంది. మూడు నెలలకి ఇద్దరూ మళ్లీ చూపించుకోండి, అది తగ్గిందా అని కాదు, మళ్లీ వచ్చిందా అని. ఇద్దరికీ నాట్ డిటెక్టెడ్, అంటే సూక్ష్మజీవి దొరకలేదు అని వస్తే ఆ ఐజీజీని మరిచిపోయి ట్యూబుల పరీక్షకి వెళ్లండి. పాతది ఏమైనా ట్యూబుల్ని తాకిందా లేదా అన్నది ఆ పరీక్షే చెప్తుంది. అన్నట్టు మీ ఆయన వీర్యపరీక్ష సంగతి ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. చేయించకపోతే ఈ తిరుగుడులోనే అదీ చేయించండి, మూడేళ్లుగా పిల్లల్లేకపోతే ఒక్క ఆడదానికే అన్ని పరీక్షలూ ఏంటి? దానికి 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండాలి, వారానికోసారి వచ్చే మనిషి కాబట్టి అది మీకు కష్టమేం కాదు.

ప్రైవేటులో డబ్బు ఇబ్బందైతే జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో, చాలా ఏరియా ఆసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. నెల్లూరు పెద్దాసుపత్రిలో అడిగితే చూపిస్తారు, ఒంగోలు వైపు వాళ్లకి అక్కడి జీజీహెచ్. కౌన్సెలింగూ మందులూ ఉచితం, మాట బయటికి పోదు. అక్కడ ఎక్కువగా లక్షణాలను బట్టి రంగురంగుల కిట్లలో మందులిస్తారు, పీసీఆర్ అన్నిచోట్లా ఉండదు, కాబట్టి లక్షణాల్లేని నీలాంటివాళ్లు ఆ సంగతి ముందే అడగాలి. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు మాత్రం అక్కడ ఉచితంగా అయిపోతాయి, పీసీఆర్ పాజిటివ్ వస్తే అవి ఇద్దరూ ఎట్టాగూ చేయించుకోవాలి. ఎవరితోనైనా ముందు ఫోన్లో మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి చేయి, డబ్బులు పడవు.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయొద్దు. పొత్తికడుపులో నొప్పి, దాంతోపాటు జ్వరం, కలిసినప్పుడు లోపల నొప్పి ఉంటే రిపోర్టు కోసం ఎదురుచూడకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు, అట్టాంటప్పుడు రిపోర్టు రాకముందే మందులు మొదలుపెడతారు. నెల తప్పి, ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి.

పరగడుపున అక్కర్లేదు, ఇద్దరూ టిఫిన్ తినే బయల్దేరండి. మీ ఆయన కావలి బస్టాండులో మూత్రానికి వెళ్లి బస్సెక్కితే, పొగతోటలో ల్యాబు చేరేసరికి గంట దాటుతుంది. దారిలో ఇంకెక్కడా దిగకుండా చూసుకో, సరిపోతుంది.